సరి నిమిషం, బేసి నిమిషం

మూడూ ముప్పై నాలుగు. సరి నిమిషం, అంటే అతని వంతు. ఎదురుగా గడియారంలో సెకండ్ల అంకెలు రెండు సున్నాలు కాగానే మోర్సు కీ మీద వేలుంచి పదహారోసారి అదే మాట పంపడం మొదలుపెట్టాడు. ఇనుప వంతెన వద్దు, వాన్ ఆపు, ఇనుప వంతెన వద్దు, ఆనకట్ట మీదుగా పంపు. పొడుగు చప్పుడు, పొట్టి చప్పుడు, మధ్యలో కాస్త ఖాళీ. ముప్పై ఏళ్ళుగా చేతికి వంటబట్టిన పని, మనసు పెట్టక్కర్లేదు, అందుకే మనసు కిటికీలోంచి దూకి వంతెన మీదికి పోతోంది, వద్దన్నా పోతోంది. అక్కడ రెండింటి నుంచి లారీ ఒకటి తగలబడుతోంది. దాని డ్రైవర్ని జుట్టు పట్టుకుని కిందికి ఈడ్చడం అతను బైనాక్యులర్‌లో చూశాడు. ముందు నలుగురు ఈడ్చారు, ఆ నలుగురు చూస్తుండగానే నలభై మంది అయ్యారు, ఆ తర్వాత డ్రైవర్ కనపడలేదు, కర్రలు లేవడం, పడటం, లేవడం, పడటం, బట్టలుతుకుతున్నంత తీరుబడిగా. వాడికీ ఒక అక్క ఉంటుందేమో. ఆ తర్వాత కారు ఒకటి వచ్చింది, దాన్నీ ఆపారు. బైనాక్యులర్ పక్కన పెట్టేసి కీ దగ్గర కూర్చున్నాడు. ఏమిటట? మునిసిపాలిటీ నీళ్ళలో ఎవరో విషం కలిపారట. ఎవరు చూశారట? ఎవరూ చూళ్ళేదు. ఒకడు అన్నాడు, ఊరు ఊరంతా నమ్మేసింది.

ముప్పై అయిదు. బేసి నిమిషం, అక్క వంతు. వేలు తీసి, హెడ్‌ఫోన్ చెవులకి అదుముకుని విన్నాడు. గరగర. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు గరగర తప్ప ఇంకేమీ లేదు. నది అవతల చిన్నాసుపత్రిలో అక్క హెడ్ నర్సు. పైకప్పు కింద సామాన్ల గదిలో ఆమె పెట్టుకున్న రేడియో అరచేతిలో పట్టేంతది, ఏంటెన్నా అంటే కిటికీకి కట్టిన తీగముక్క, ఆ వచ్చే సంకేతం ఎంత సన్నగా ఉంటుందంటే ఊపిరి బిగబట్టి వినాలి. తాను పంపేటప్పుడు తన సెట్టుకి ఏమీ వినపడదు, ఆమె సెట్టూ అంతే, కాబట్టి ఇద్దరూ ఒకేసారి పంపితే ఇద్దరూ చెవిటివాళ్ళే. ఇలాంటి బక్క సంకేతాలతో పనిచేసే వాళ్ళందరూ గడియారం చూసి వంతులు వేసుకుంటారు. వీళ్ళ వంతులు మాత్రం నాన్న వేసినవి. తంతి కార్యాలయంలో పనిచేసేవాడాయన. చిన్నప్పుడు అక్కా తమ్ముడూ గొంతులు చించుకుని ఒకరి మీద ఒకరు అరుస్తుంటే గోడ గడియారం చూపించి, "సరి నిమిషం వాడిది, బేసి నిమిషం దానిది, మధ్యలో ఎవరు నోరెత్తినా వీపు పగులుతుంది" అనేవాడు. పగలగొట్టేవాడు కూడా. బెల్టు తీశాడంటే ఎవరి నిమిషమో చూసేవాడు కాదు. ఆ ఇంట్లో అందరి చేతులూ దురుసే, అక్క చేతులు తప్ప. పొద్దున ఏడింటికి, ఫోన్లు చచ్చిపోయాక, అక్క పంపింది నాలుగు ముక్కలు: వాన్ నాలుగింటికి ఇనుప వంతెన దాటుతుంది, మూడు నుంచి దారి సంగతి చెబుతుండు. అంతే. గాయపడ్డవాళ్ళని ఎక్కించుకుని ఇవతలి పెద్దాసుపత్రికి తెస్తున్నారన్నమాట అని అతను అర్థం చేసుకున్నాడు. వాన్ నడిపేది ఆమె మొగుడు, బావ. అక్క కూడా ఎక్కుతుందేమో, పేషెంట్లని వదిలి ఉండే మనిషి కాదు. ఎక్కితే ఆ కర్రల కిందికి ఇద్దరూ వస్తారు.

ముప్పై ఆరు. వంతెన వద్దు, వద్దు, వద్దు. సెట్టు పక్కన కారు బ్యాటరీ వెచ్చబడింది. కరెంటు మూడింటికే పోయింది, పోయేముందు వంతెన మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ పేలింది, తీగలు ఒకదాన్నొకటి కొరుక్కుంటూ నీలం మంటలు కక్కాయి, ఆ మెరుపులకి హెడ్‌ఫోన్‌లో చెవి పగిలేంత రొద. అంత రొదలోనూ అతని గడియారం టైము పట్టేసింది. ఎక్కడో రెండు దేశాల అవతల నుంచి ఒక కేంద్రం ప్రతి నిమిషం టైముని చప్పుళ్ళుగా పంపుతుంటుంది, అతను చేసిన గడియారం గంటకోసారి ఆ చప్పుళ్ళు విని తనంతట తాను సరిచేసుకుంటుంది. సరిగ్గా మూడింటికి అంకెలు ఒక్కసారి గెంతి నిలబడటం అతను చూశాడు, "శభాష్ రా" అని దాని నెత్తిన ఒకటి తట్టాడు కూడా. అదే అతని బతుకుతెరువు, అమెచ్యూర్ రేడియో వాళ్ళకి ఇలాంటి గడియారాలు చేసి అమ్మడం. ఇప్పటికి నలభై ఒకటి చేశాడు. తోటి ఆపరేటర్లు అతన్ని సెకండ్లాయన అంటారు, పెళ్ళిచూపులకి పద్దెనిమిది సెకండ్లు ఆలస్యమైందని వెనక్కి వచ్చేశాడని ఏడిపిస్తారు. వచ్చేసిన మాట నిజమే, కారణం మాత్రం వేరు. బల్ల మీదున్నది మొట్టమొదట చేసింది, దాని పెట్టె మీద టంకం మరకలు, దాన్ని ఎవరికీ అమ్మడు. అక్కకిచ్చింది ముప్పయ్యోది. ఇచ్చాడంటే చేతికిచ్చాడని కాదు, పోస్టులో పంపాడు, చీటీ కూడా పెట్టకుండా. ఆరేళ్ళయింది అక్క అతని మొహం చూసి.

ముప్పై ఏడు. గరగర. ఏం రాయిరా బాబూ ఆ గుండె! ముప్పై ఎనిమిది, వంతెన వద్దు. ముప్పై తొమ్మిది, గరగర. వినపడకేం, వినపడే ఉంటుంది, పొద్దున నా చప్పుడు గంటకొట్టినట్టుందని ఆవిడే పంపింది కదా. కావాలనే. ఆరేళ్ళుగా ఆదివారం ఆదివారం వచ్చి, గుర్తింపు అక్షరాలు, సంకేతం బలం, వాన పడుతోందా లేదా, సెలవు. తమ్ముడూ అన్న మాట లేదు. అది కూడా వారానికోసారి పలకరించుకోవాలని నాన్న పోయేముందు తన కీ మీద ఒట్టు వేయించుకున్నాడు కాబట్టి. ఇవాళ ప్రాణాల మీదికొచ్చినా పంతమే. బావ పక్కన నిలబడి ఉంటాడు, వాడితో మనకేంటి అంటుంటాడు, ఆ పెట్టుడు పళ్ళు బయటపెట్టి. ఆ పళ్ళు గుర్తొచ్చేసరికి అతని కుడిచెయ్యి కీ మీదే బిగుసుకుపోయింది, చప్పుడు ఆగకుండా ఒకటే గీతలా సాగింది, చూసుకుని వేలు తీశాడు.

ఆ పళ్ళు అతను రాలగొట్టినవే. ఏంటెన్నా గొట్టంతో, చేతికి చల్లగా, తేలిగ్గా, విసరడానికి ఎంతో వీలుగా ఉన్న గొట్టంతో. బ్యాటరీల కొట్టువాడు చెప్పాడు, మీ అక్క కన్ను వాచిపోయుందండీ, మీ బావగారు చెయ్యి చేసుకుంటున్నాడట కదా అని. అంతే, నిలువునా అగ్గి రాజుకుంది. మారుమాట అడిగితే ఒట్టు. రెండు బస్సులు మారి, నది దాటి, వాళ్ళ ముందుగదిలోకి చెప్పులతోనే దూరాడు. బావ అన్నం తింటున్నాడు. చెయ్యి కూడా కడుక్కోనివ్వలేదు. మొదటి దెబ్బకి పళ్ళెం ఎగిరింది, రెండోది నోటి మీద, మూడోదానికి భుజం ఎముక విరిగిన చప్పుడు తనకే వినపడింది, ఎండుకొమ్మ విరిగినంత మామూలుగా. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గే కానీ ఆ చప్పుడు అప్పుడు హాయిగా ఉంది. ఇంకోటి కావాలనిపించింది. నాలుగోది ఎత్తినప్పుడు అక్క అడ్డం పడింది, అది ఆమె మోచేతి మీద దిగింది. అప్పుడు చూశాడు ఆమె కన్ను, నిజంగానే వాచి ఉంది. జ్వరం నెత్తికెక్కిన పేషెంటు ఒకడు మంచం మీంచి లేచి కొట్టాడట. ఆసుపత్రిలో అందరికీ తెలుసట. అక్క ఏడవలేదు, అరవలేదు, "నన్నొక్క మాట అడగాలి కదరా" అంది. నేల మీద అన్నంలో నెత్తురు, బావ మోకాళ్ళ మీద వంగి ఉమ్ముతున్నాడు, "అడగాలి కదరా" అని మళ్ళీ అంది. అతను గొట్టం అక్కడే పారేసి వచ్చేశాడు. ఆ తర్వాత చేసిన గడియారాల్లో, అక్కకి పంపినదానితో సహా, ఒక మార్పు చేశాడు. కేంద్రం చెప్పిన టైముని వరసగా మూడుసార్లు విని, మూడూ ఒకటే అయితేనే నమ్మాలి, లేకపోతే పాత లెక్కే నడుపుకోవాలి. ఎందుకు మార్చావయ్యా అని ఎవరైనా అడిగితే రొద ఎక్కువైందండీ అంటాడు. బల్ల మీది మొదటిదానికి మాత్రం ఆ మార్పు చెయ్యలేదు, విప్పబుద్ధి కాలేదు.

నలభై ఎనిమిది. కింద వీధిలో ఎవరో పరిగెత్తారు, వెనక ఇంకెవరో, గాజు భళ్ళున పగిలింది, ఒక ఆడగొంతు గేటు వెయ్యండి గేటు వెయ్యండి అంటోంది. వంతెన మీంచి పొగ ఇటు తిరిగి రబ్బరు కాలిన కంపు గదిలోకి వచ్చింది. నలభై తొమ్మిది, గరగర. యాభై. ఇంకో పది నిమిషాల్లో వాన్ వంతెన ఎక్కుతుంది, కర్రలు లేస్తాయి, అక్క దిగి నేను నర్సునండీ అంటుంది, ఆ మాట ఎవడు వింటాడు, జుట్టు పట్టుకుంటాడు ఒకడు, నెరిసిన జుట్టు. చంపుతా. ఎవణ్ణి? అందరినీ. ఆ కర్రవాళ్ళని, బావని, బ్యాటరీల కొట్టువాణ్ణి, చచ్చిపోయిన నాన్నని లేపి మరీ చంపుతా. జవాబివ్వదేం ఈ మనిషి, ఇవ్వదేం! ఇంకా తన నిమిషం నలభై సెకండ్లు ఉండగానే అతను కీని తీగతో సహా బల్ల మీంచి పెరికి గోడకేసి కొట్టాడు. పెచ్చు రాలింది. తీగ తెగింది. కీ తెగిపోగానే సెట్టు దానంతట అదే వినడంలోకి పడింది. హెడ్‌ఫోన్‌లో, సన్నగా, స్పష్టంగా, అక్క.

అక్క పంపుతోంది. సరి నిమిషంలో, తన నిమిషంలో, మధ్యలో పట్టుకున్నాడు కాబట్టి మొదట ముక్కలే అందాయి. మీ వైపు ఉన్నాడు, నాలుగింటికి వంతెనకి వస్తాడు, తమ్ముడూ. ఇదేమిటి, అక్క ఎప్పుడూ వంతు తప్పదే, బెల్టు దెబ్బలు తిన్నప్పుడూ తప్పలేదే. గడియారం వైపు చూశాడు. నీలం మంటలు, చెవి పగిలే రొద, ఆ రొదలో అంకెలు గెంతడం. ఒక్క చప్పుడు. ఒకే ఒక్క చప్పుడు తప్పు విని, ఒక్కసారి విన్నదాన్నే నమ్మేసి, నిమిషం ముందుకి దూకింది వెధవది. శభాష్ రా అని తట్టాడు. ఆ క్షణం నుంచి ఇతని సరి ఆమెకి బేసి. యాభై నిమిషాలుగా ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు, ఒకేసారి ఆగి చెవులొగ్గుతున్నారు. తాను తిట్టుకున్న ప్రతి నిమిషంలోనూ అవతల ఆమె కూడా గరగరే విని ఉంటుంది.

ఆమె మళ్ళీ మొదటి నుంచి పంపింది, ఎన్నోసారో. వంతెన మీద దెబ్బలు తిన్నవాళ్ళని మా దగ్గరికే తెస్తున్నారు. మీ బావ ఇక్కడ లేడు. పొద్దున్నే రక్తం సీసాల కోసం మీ వైపు పెద్దాసుపత్రికి వెళ్ళాడు. నాలుగింటికి మీ వీధిలోంచే వంతెనకి వస్తాడు. ఆయనకి ఏమీ తెలీదు. తమ్ముడూ వెళ్ళి ఆపు. తమ్ముడూ ఆపు. అతను జేబులోంచి కట్టర్ తీసి తెగిన తీగ కొసలు చెక్కి, రెండు కొసలూ వేళ్ళతో తాకిస్తూ తీస్తూ, వెళ్తున్నా అని ఒక్క మాట పంపాడు. అందిందో లేదో వినడానికి ఆగలేదు. తన గడియారం ప్రకారం యాభై మూడు, అంటే నిజానికి యాభై రెండే, ఒక నిమిషం మిగిలింది, ఆ ఒక్క మేలు మాత్రం చేసింది అది.

మెట్లు మూడేసి దూకాడు. ఆపడమంటే ఎలా ఆపడం, చెబితే వింటాడా, వాడి నోట్లో పళ్ళు వాడివి కావు, డాక్టరు పెట్టినవి, నేను చెబితే వింటాడా. వీధిలో షట్టర్లన్నీ దించేసున్నాయి, ఒక చెప్పు, ఒక తలకిందులైన సైకిలు, నెత్తురు తొక్కుకుంటూ పోయిన అడుగులు. మలుపు దగ్గర తెల్ల వాన్ కనపడింది, మామూలుగా, నింపాదిగా, ఇండికేటర్ వేసుకుని మరీ తిరిగింది, ఎవరికోసమో ఆ ఇండికేటర్! అతను రోడ్డు మధ్యకి వెళ్ళి రెండు చేతులూ పైకెత్తాడు. ఎత్తాక తెలిసింది ఒక చేతిలో కట్టర్ ఉందని. అద్దం వెనక బావ మొహం పాలిపోయింది. వాన్ వేగం పెరిగింది, అతని మీదికే వచ్చింది, అతను కదల్లేదు, కదలాలనిపించలేదు. బంపర్ మోకాళ్ళకి తగిలి ఆగింది.

అద్దం వేలెడు దిగింది. "తప్పుకో. లోపల రక్తం ఉంది."

"బావా, వంతెన మీద చంపుతున్నారు. అటు వెళ్ళకు."

"ఎవరు చెప్పారు?"

"అక్క. రేడియోలో ఇప్పుడే. నేనూ చూశాను."

"నువ్వు చూశావు." బావ నవ్వాడో పళ్ళు కొరికాడో తెలియలేదు. "అవతల బల్ల మీద మనిషిని కోసి పెట్టుకుని కూర్చున్నారు. మీ అక్క నాలుగింటికల్లా తెమ్మంది. నువ్వు చెప్పింది విని నేను ఆగాలా? నువ్వా నాకు చెప్పేది?"

"నన్ను నమ్మొద్దు బావా. ఆగు చాలు."

బావ గేరు వేశాడు, వెనక్కి పోనిచ్చి పక్క నుంచి తిప్పుకోబోయాడు. అడ్డంగా నరికినా ఆగే మనిషి కాదు. ఇక మాటలు లేవు. అతను ముందు చక్రం పక్కన కూలబడి, గాలి కొట్టే రబ్బరు వాల్వుని కట్టర్ పళ్ళ మధ్య పెట్టి, ఒక్క పట్టు పట్టాడు. బుస్సుమంది. వాన్ ఆ మూలకి వంగింది.

బావ దిగాడు. చేతిలో ఏమీ లేదు, చేతులే చాలాయి. మొదటిది చెంప మీద, రెండోది అదే చోట, కిందపడితే కాలితో డొక్కలో. "చంపేస్తున్నావు కదరా, అక్కడ మనిషిని చంపేస్తున్నావు కదరా" అంటూ, ఆ తర్వాత ఆ మాట పోయి, "అన్నం తింటున్నాను రా నేను, అన్నం తింటున్నాను" అంటూ, ఆరేళ్ళది అంతా. అతను మొహం కప్పుకోలేదు. మూతి పగిలింది, ఒక పన్ను నాలిక మీదికి జారింది, డొక్కలో ఏదో విరిగింది, నొప్పి తెలుస్తూనే ఉంది, నొప్పి వెనకాలే ఇంకోటి తెలుస్తోంది, నాలుగవుతోంది, నాలుగు దాటింది, వాన్ ఇక్కడే ఉంది. కొట్టు బావా. నువ్వు కొడుతున్నంతసేపూ వంతెన మీద లేవు. కొట్టు, ఇంకా కొట్టు. పైకి అన్నాడో లోపలే అనుకున్నాడో.

వంతెన వైపు నుంచి అరుపు వినపడింది, ఒక్క గొంతులోంచి వచ్చినట్టు వందల గొంతులు. ఆ వెనకే ఒక ముసలాయన వాళ్ళని దాటి పరిగెత్తాడు, చొక్కా లేదు, చెవి ఉండాల్సిన చోట చెయ్యి అదిమి పట్టుకుని, "అటు పోకండి, అంబులెన్స్ అన్నా వదలడం లేదు, అటు పోకండి" అంటూ. బావ ఎత్తిన కాలు దించాడు. పొగ వైపు చూశాడు. వాన్‌కి ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు, రొప్పుతున్నాడు, వేళ్ళ కణుపుల మీద బావమరిది నెత్తురు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఆ రోజుది నేను మర్చిపోలేదు" అన్నాడు.

"మర్చిపోకు."

"ఇవాళ్టిది కూడా మర్చిపోను."

"సరే బావా."

"ఆనకట్ట దారిన ఎంతసేపు?"

"గంటంబావు. గట్టిగా తోలితే గంట."

"అప్పటిదాకా ఆ బల్ల మీదున్నవాడు ఉంటాడో పోతాడో." బావ లేచి వెనక తలుపు తెరిచాడు. సీసాలు ఐసు పెట్టెలో ఎర్రగా, పగలకుండా ఉన్నాయి. వాటి పక్కన చక్రం చూపించాడు. "స్టెప్నీ దించు. పట్టు, నేను జాకీ వేస్తా."

అతను నేల మీద చేతులు ఆనించి, ఒకసారి పడి, రెండోసారికి లేచి, చక్రం దించాడు.